వైజాగ్‌లో ఒక్క రోజు: కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి గ్లాస్ బ్రిడ్జి – ఏది ముందు, ఏది తర్వాత?

నాగావళి_గట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి కారులో పొద్దున్న బయల్దేరి రాత్రికి ఇంటికి చేరేలా వైజాగ్ వెళ్లాలనుకుంటున్నాం. మొత్తం అయిదుగురం: నేను, మావారు, మా అత్తయ్య (72 ఏళ్లు, రెండు మోకాళ్లూ నొప్పే, మెట్లు కష్టం), బాబు (9), పాప (4). బాబు గోలంతా సబ్‌మెరైన్ గురించే. మావారికి కైలాసగిరి మీద కొత్తగా కట్టిన గ్లాస్ బ్రిడ్జి చూడాలని ఉంది.

తెలుసుకోవాలనుకున్నవి ఇవి:

1. పొద్దున్నే ఆర్కే బీచ్‌కి వెళ్లి సబ్‌మెరైన్ చూసేసి, మధ్యాహ్నం కొండెక్కితే సరిపోతుందా?
2. సబ్‌మెరైన్‌లోకి అత్తయ్య దిగగలరా? నాలుగేళ్ల పాప భయపడుతుందా?
3. రోడ్డుకి అటుపక్క విమానం మ్యూజియం కూడా ఉందంటున్నారు. దానికి టైం పెట్టడం దండగా?
4. గ్లాస్ బ్రిడ్జి ఊగుతుందని ఎవరో అన్నారు. పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

ఎక్కువ చోట్లు తిరగాలని లేదు. ఈ రెండు మూడే సరిగ్గా చూస్తే చాలు.

---

బీచ్‌రోడ్డు_నడక:

మొదటి ప్రశ్న దగ్గరే జాగ్రత్త పడాలండి. మీరు అనుకున్న వరస తిరగెయ్యాలి. మామూలు రోజుల్లో, అంటే మంగళవారం నుంచి శనివారం దాకా, కురుసుర తలుపులు తీసేది మధ్యాహ్నం 2 గంటలకి. రాత్రి 8.30 వరకు ఉంటుంది. ఆదివారం మాత్రం పొద్దున 10 నుంచి 12.30 వరకు, మళ్లీ 2 నుంచి 8.30 వరకు. సోమవారం సెలవు. పొద్దున్నే బీచ్‌కి వచ్చి, గేటు ముందు నిలబడి, పిల్లాడికి సర్దిచెప్పుకుంటూ వెనక్కి వెళ్లేవాళ్లు రోజూ కనిపిస్తారు. పండగ సెలవులకి ఈ వేళలు మారుస్తుంటారు కాబట్టి బయల్దేరే ముందురోజు ఒకసారి చూసుకోండి.

కాబట్టి పొద్దున కొండ, మధ్యాహ్నం సబ్‌మెరైన్. శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లకి దారి కూడా ఇలాగే కలిసొస్తుంది, ఎందుకంటే ఊళ్లోకి రాకముందే కైలాసగిరి మలుపు తగులుతుంది.

దారి చెప్తాను. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆనందపురం వచ్చాక మ్యాప్‌ని గుడ్డిగా నమ్మొద్దు. అక్కడ బైపాస్ పట్టుకున్నారంటే పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి వైపు పోతారు, కొండా కనపడదు, సముద్రమూ కనపడదు. పాత దారిలోనే మధురవాడ, ఎండాడ, జూ దాటి హనుమంతవాక జంక్షన్‌కి రండి. అక్కడ ఎడమకి తిరిగితే విశాలాక్షినగర్ మీదుగా కొండ మీదికి ఘాట్ రోడ్డు. కారు పైదాకా వెళ్తుంది. అత్తయ్యగారికి అదే మేలు.

కింద బీచ్‌రోడ్డు వైపు నుంచి రోప్‌వే కూడా ఉంది. కానీ కారులో వచ్చేవాళ్లు రోప్‌వే కోసం కిందకి దిగి, కారు కింద వదిలి, పైకెళ్లి మళ్లీ దిగడం అంటే పాతిక నిమిషాల పని గంటన్నర అవుతుంది. పైగా గాలి జోరుగా ఉంటే ఆపేస్తారు. పిల్లల సరదా తీరాలంటే పైన టాయ్ ట్రెయిన్ ఎక్కించండి. కొండ చుట్టూ తిప్పి తీసుకొస్తుంది, సముద్రం వైపు కూర్చుంటే తెన్నేటి పార్కు దగ్గర తీరం వంపు మొత్తం కనిపిస్తుంది. 2020 అక్టోబరులో వాయుగుండానికి ఎంవీ మా అనే బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఇసకలో దిగబడింది ఆ ఒడ్డునే. మీ అత్తయ్యగారికి గ్లాస్ బ్రిడ్జి కన్నా ఈ రైలే నచ్చుతుందని నా లెక్క.

టైము ఇలా వేసుకోండి. 7కి శ్రీకాకుళంలో బయల్దేరితే మధ్యలో టిఫిన్‌తో కలిపి 9.45కి కొండ మీద ఉంటారు. అన్నిటికన్నా ముందు గ్లాస్ బ్రిడ్జి టికెట్టు, తర్వాత రైలు, ఆ తర్వాతే శివపార్వతుల విగ్రహం దగ్గర ఫొటోలు. చాలామంది దీన్ని తిరగేసి చేసి, 12 గంటల ఎండలో బ్రిడ్జి క్యూలో నిలబడతారు. 12.15కి కొండ దిగండి. తెన్నేటి పార్కు, అప్పుఘర్, లాసన్స్ బే, వుడా పార్కు మీదుగా బీచ్‌రోడ్డునే వస్తే కురుసుర ఏడెనిమిది కిలోమీటర్లు. అన్నానికి బీచ్‌రోడ్డు మీద ఆగొద్దు, సిరిపురం వైపు పైకి వెళ్లండి. ఛాయిస్ ఎక్కువ, కారు పెట్టుకోవడమూ తేలిక. 1.40కి సబ్‌మెరైన్ కౌంటర్ దగ్గర ఉంటే మొదటి విడతలోనే లోపలికి వెళ్లిపోతారు. ఆ మొదటి అరగంటకీ సాయంత్రం అయిదు గంటలకీ చాలా తేడా.

---

ఏడో_కంపార్ట్‌మెంట్:

రెండో ప్రశ్నకీ మూడో ప్రశ్నకీ నేను చెప్తాను.

ముందు ఆ పడవ సంగతి. ఐఎన్‌ఎస్ కురుసుర సోవియట్ తయారీ, డీజిల్-ఎలక్ట్రిక్ రకం. 1969 డిసెంబరు 18న నేవీలో చేరింది, 2001 ఫిబ్రవరి 27న రిటైరయింది. 31 ఏళ్ల సర్వీసు. 2002 ఆగస్టు నుంచి మ్యూజియం. పొడవు 91 మీటర్లు, లోపల ఉండేది సుమారు 75 మంది. నీళ్లలోంచి ఒడ్డు మీదికి లాగి ఇప్పుడున్న చోట నిలబెట్టడానికే ఏడాదిన్నర పట్టింది. బొమ్మ కాదు, నమూనా కాదు. పిల్లాడికి ముందే ఈ మాట చెప్పండి, చూసే చూపు మారిపోతుంది.

లోపల ఏడు గదులు వరసగా ఉంటాయి. ముందు వైపు ఎక్కి వెనక వైపు దిగాలి. దారి ఒకటే, ఒక మనిషి పట్టేంత. మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. అందుకే పాపని టాయిలెట్‌కి ముందే తీసుకెళ్లండి. ఇక్కడ జరిగే ఇబ్బందుల్లో సగం దీనివల్లే.

గదికీ గదికీ మధ్య ఉక్కు గోడ, దానికి గుండ్రటి ద్వారం. ఒక గదిలోకి నీళ్లొస్తే ఆ తలుపు బిగించేసి మిగతా పడవని కాపాడుకోవడానికి అంత చిన్నవిగా పెట్టారు. వీటిని దాటే పద్ధతి ఒకటుంది: పైన చేత్తో పట్టుకుని, ముందు ఒక కాలు అవతల పెట్టి, నడుం వంచి, ఆ తర్వాత తల, చివర్న రెండో కాలు. తల ముందు పెట్టేవాళ్లకే బొప్పి కడుతుంది. పొడుగు మనుషులు ద్వారం దాటగానే నిటారుగా లేవకూడదు, అవతల నెత్తి మీద పైపులూ వాల్వులూ ఉంటాయి. భుజాన బ్యాగుంటే దాన్ని ముందుకి తిప్పుకోండి.

అత్తయ్యగారి విషయం సూటిగా చెప్తాను: వద్దు. ఎక్కడానికి మెట్లు, దిగడానికి మెట్లు, మధ్యలో ఇన్నిసార్లు మోకాలు ఎత్తి వంగడం. వెనక క్యూ తోసుకొస్తుంటే ఆగి ఊపిరి తీసుకునే వీలు కూడా ఉండదు. ఆవిడ బయట నీడలో కూర్చుంటే మీరు అరగంటలో వచ్చేస్తారు. బయటినుంచి చూసినా ప్రొపెల్లర్లు, చుక్కాని, మొత్తం ఒడ్డూ పొడవూ తెలుస్తాయి. అది తక్కువ చూడ్డమేమీ కాదు.

పాప విషయంలో భయం ఇరుకు వల్ల కాదు, బొమ్మల వల్ల. మంచాల మీద, వంటగదిలో, కంట్రోల్ రూమ్‌లో నావికుల నిలువెత్తు బొమ్మలు పెట్టారు. మసక వెలుగులో చిన్నపిల్లలు వాటిని చూసి బెదురుతారు. "లోపల బొమ్మ అన్నయ్యలు ఉంటారు, లెక్కపెడదాం" అని ముందే చెప్పి తీసుకెళ్తే ఆటైపోతుంది. ఎత్తుకుని ద్వారాలు దాటొద్దు. ముందు ఒకరు దాటి అటునుంచి అందుకోవాలి, ఇటునుంచి ఒకరు అందించాలి.

బాబుకి ఏం చూపించాలి:

మొదటి గదిలో ఆరు టార్పెడో (నీటి కింద దూసుకెళ్లి ఓడని పేల్చే ఆయుధం) గొట్టాలు, ఒక్కోదాని వ్యాసం 533 మిల్లీమీటర్లు. చివరి గదిలో ఇంకో నాలుగు. మొత్తం 22 టార్పెడోలు మోసేది. ఆ టార్పెడోల పక్కనే మంచాలు ఉంటాయి, అది చూపించండి.

రెండో గదీ నాలుగో గదీ నివాసాలు. మీరు నడిచే నేల కిందే బ్యాటరీలు ఉండేవి. ఇది ఎవరూ గమనించరు.

మూడోది కంట్రోల్ రూమ్. నీటి అడుగునుంచే పైన ఏముందో చూసే గొట్టం, పెరిస్కోప్, ఇక్కడే. అందరూ ఇక్కడే ఆగిపోతారు, గైడ్ తొందరపెడతారు. ఫొటో ఒక్కటి తీసుకుని కదలండి.

అయిదో గదిలో మూడు డీజిల్ ఇంజన్లు, ఆరో గదిలో మోటార్లు. బాబు అడగాల్సిన ప్రశ్న ఇక్కడుంది: ఇంజన్లు ఉండగా మోటార్లు ఎందుకు? డీజిల్ మండాలంటే గాలి కావాలి, నీటి అడుగున గాలి లేదు. అందుకని పైకి తేలినప్పుడో, నీటి మట్టానికి కాస్త కిందుండి స్నార్కెల్ గొట్టం పైకెత్తినప్పుడో ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకుంటారు. మునిగాక ఆ బ్యాటరీల మీదే మోటార్లు తిరుగుతాయి. బ్యాటరీ అయిపోయే వేళకి మళ్లీ పైకి రావాల్సిందే. సబ్‌మెరైన్ దొరికిపోయేది ఆ వేళప్పుడే.

గైడ్లు చాలావరకు నేవీలో పనిచేసి వచ్చినవాళ్లే. తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్తారు. "స్నానం ఎలా చేసేవారు?" అని బాబుచేత అడిగించండి. జవాబు నేను చెప్పను, మంచినీళ్లు ఎంత పొదుపో ఆ ఒక్క ప్రశ్నతో బయటికొస్తుంది.

ఇక విమానం. దండగ కాదండీ, అసలు రెండూ కలిపి చూస్తేనే కథ పూర్తవుతుంది. రోడ్డుకి అటుపక్క ఉన్న టీయూ-142 పని ఏమిటో తెలుసా? ఇటుపక్క ఉన్నలాంటి సబ్‌మెరైన్లని వెతికి పట్టుకోవడం. 1988 నుంచి 2017 మార్చి దాకా మన నేవీలో ఉంది. 2017 డిసెంబరులో మ్యూజియం తెరిచారు. ముందు సబ్‌మెరైన్ చూసి "ఇందులో దాక్కుంటే ఎవరు కనిపెడతారు?" అనుకుని బయటికి వస్తే, జవాబు రోడ్డు అవతల రెక్కలు చాపుకుని నిలబడి ఉంటుంది. ఆ వరసలోనే చూడండి, తిరగేస్తే ఆ మజా పోతుంది.

లోపల హాల్లో సోనోబోయ్‌లు ఉంటాయి, దాటేయకండి. వాటిని విమానంలోంచి సముద్రంలోకి జారవిడుస్తారు. నీటిలోకి దిగిన భాగం చప్పుడు వింటుంది, పైన తేలే భాగం రేడియోలో విమానానికి చేరవేస్తుంది. తర్వాత విమానం దగ్గర బాబుని ప్రొపెల్లర్ రెక్కలు లెక్కపెట్టమనండి. ఇంజన్లు నాలుగే, రెక్కలు 32. ఒక్కో ఇంజన్‌కి ఒకదాని వెనక ఒకటి రెండేసి ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి నాలుగేసి రెక్కలు, రెండూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. ముందుది సుడి తిప్పి వృథా చేసే గాలిని వెనకది మళ్లీ తోపుగా మారుస్తుంది.

హాలు నేల మట్టంలోనే ఉంటుంది కాబట్టి అత్తయ్యగారు నింపాదిగా తిరగొచ్చు. విమానంలోకి ఎక్కేచోట మాత్రం మెట్లు.

---

సిమెంటు_ఉక్కు:

గ్లాస్ బ్రిడ్జి ఊగడం గురించి.

కొద్దిగా కదులుతుంది, కదలాలి కూడా. ఇది రెండు కొండల మధ్య వంతెన కాదు. క్యాంటిలీవర్, అంటే ఒక కొస కొండలో బిగించి, రెండో కొస గాల్లో వదిలేసిన కట్టడం. ఇంటి బాల్కనీ ఎలా నిలబడుతుందో అలా, కాకపోతే సుమారు 50 మీటర్ల బాల్కనీ. పైన చెప్పిన టీయూ-142 ముక్కు నుంచి తోక దాకా 53 మీటర్లు. దాదాపు అంత పొడవుది కింద స్తంభం లేకుండా నిలబడిందని పిల్లాడికి చెప్తే ఊహకి అందుతుంది. నడక బరువుకి కొస కొన్ని మిల్లీమీటర్లు కిందకి దిగి లేస్తుంది. అసలు కదలనంత బిరుసుగా ఉక్కుని కట్టరు.

కింద పరిచింది మామూలు అద్దం కాదు. పొరలు పొరలుగా అతికించిన లామినేటెడ్ గాజు, మందం 40 మిల్లీమీటర్లు. పొరల మధ్య ప్లాస్టిక్ లాంటి పల్చటి పదార్థం ఉంటుంది. పై పొర పగిలినా ముక్కలు ఊడిపోవు, కింది పొరలు బరువు మోస్తాయి. కారు ముందద్దం రాయి తగిలితే సాలెగూడులా చిట్లి అక్కడే ఉండిపోతుంది చూడండి, అదే కిటుకు. ఎక్కడన్నా గీత కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. సిబ్బందికి చెప్పి ముందుకి నడవండి.

విడతకి 40 మందినే పంపుతారు. బయట నిలబడినవాళ్లు "ఖాళీగానే ఉందిగా, పంపొచ్చుగా" అని గొడవ పడుతుంటారు. కారణం ఇదీ: క్యాంటిలీవర్‌లో బరువు ఎంతన్నది ఒక్కటే కాదు, మొదలు నుంచి ఎంత దూరాన ఉందన్నది కూడా లెక్కే. 60 కిలోల మనిషి 25 మీటర్ల దగ్గర నిలబడితే మొదట్లో పడే భారానికి 50 మీటర్ల దగ్గర రెట్టింపు పడుతుంది. జనం అందరూ కొసకే వెళ్లి ఒకేచోట మూగుతారు, ఎవరూ మధ్యలో ఆగరు. అందుకే తలల లెక్క గట్టిగా చూస్తారు. అందరూ ఒకేసారి గెంతితే ఊపు పెరుగుతుంది, గెంతొద్దని అరిచేది అందుకే. డిజైన్‌లో గాలి లెక్క గంటకి 250 కిలోమీటర్లకి వేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరికి ఆ మాత్రం ఉండాలి.

ఇక మనుషుల సంగతి. ఇక్కడ భయం వేసేది కాళ్లకి కాదు, కళ్లకి. కాళ్లు గట్టి నేల ఉందని చెప్తాయి, కళ్లు ఏమీ లేదని చెప్తాయి. ఆ తగువుకే తల తిరుగుతుంది. మొదటి పది అడుగులు కిందకి చూడకుండా సముద్రం, ఆకాశం కలిసే గీత వైపు చూస్తూ, గాజు పలకల్ని కలిపే ఉక్కు దూలం మీదుగా నడవండి. సర్దుకున్నాక అప్పుడు కిందకి చూడండి. తల తిరిగే జబ్బు, చెవి సమస్య, పూటకో రకంగా ఉండే బీపీ ఉన్నవాళ్లు ఎక్కకపోవడమే మంచిది. మీ అత్తయ్యగారికి మెట్ల ఇబ్బంది ఒక్కటే అయితే నడవగలరు. ఎక్కడం దిగడం ఎలా ఉందో మీవారు ముందు చూసొచ్చి చెప్తే ఇంకా నయం.

పిల్లల్లో ఓ తమాషా ఉంది. నాలుగేళ్ల పాప పరుగెడుతుంది, తొమ్మిదేళ్ల బాబు మొదట్లోనే బిగుసుకుపోతాడు. ఎత్తు అంటే ఏమిటో తెలిసిన వయసు కదా. వాడిని వెక్కిరించొద్దు, లాగొద్దు. రెండు నిమిషాలు అంచు దగ్గర నిలబడనిస్తే వాడే వస్తాడు. రాకపోయినా పోయేదేం లేదు.

గాజు మీద గీతలు పడకుండా చెప్పులకి కవర్లు తొడిగిస్తారు, కొన్నిసార్లు విప్పిస్తారు. ఎండెక్కాక గాజు పట్టీల పక్కనున్న ఉక్కు కాలుతుంది. తలకో జత సాక్సులు బ్యాగులో పడేసుకోండి, ఆ చిన్న పని చాలా నయం. తాళాల గుత్తి, సెల్ఫీ స్టిక్ కారులోనే వదలండి. ఫోను జేబులోంచి జారి గాజు మీద పడితే గాజుకేం కాదు, ఫోనుకే.

---

నాగావళి_గట్టు:

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, చాలా థ్యాంక్సండీ. సబ్‌మెరైన్ 2 గంటలకని తెలియకపోతే పొద్దున్నే బీచ్‌కే వచ్చేవాళ్లం.

ఇంకో రెండు సందేహాలు. మేం వచ్చేది ఆదివారం అయితే వరస మార్చుకోవాలా? బీచ్‌లో పిల్లలు నీళ్లలో ఆడతామంటే ఎక్కడ దించాలి?

---

కెరటాలపేట:

ఆదివారం అయితే నేను మార్చమనే అంటాను. పైన బీచ్‌రోడ్డు_నడక గారు చెప్పిన ప్లాన్ మామూలు రోజులకి సరైనదే. ఆదివారం సబ్‌మెరైన్ 10కే తెరుస్తారు కాబట్టి దాంతో మొదలుపెట్టి, విమానం చూసి, అన్నం తిని, 3.30కి కొండెక్కండి.

కారణం వెలుతురు. వైజాగ్ సముద్రం తూర్పున ఉంది. పొద్దున కొండ మీంచి చూస్తే సూర్యుడు సముద్రం మీదే, సరిగ్గా ఎదురుగా. కళ్లు చికిలించుకోవాలి, ఫొటోల్లో మనుషులు నల్లగా పడతారు, నీళ్లు తెల్లగా మెరుస్తాయి. మూడు దాటాక సూర్యుడు వెనక్కి వెళ్తాడు. తీరం, ఇసక, నీలం, పచ్చ అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. గ్లాస్ బ్రిడ్జికి పెట్టే డబ్బు ఆ చూపు కోసమే కదా.

దీనికో చిక్కుంది, దాచను. ఆదివారం సాయంత్రం కైలాసగిరికి ఊరు ఊరంతా వస్తుంది. 4.30 తర్వాత ఘాట్ రోడ్డు మీద కార్లు చీమల్లా పాకుతాయి. 3.30కి పైనుంటే సరే, లేదంటే పొద్దున ప్లానే నయం. దిగాక హనుమంతవాక నుంచి నేరుగా శ్రీకాకుళం దారి పట్టొచ్చు, మళ్లీ ఊళ్లోకి రానక్కర్లేదు. ఈ లాభం మాత్రం గట్టిది.

నీళ్ల సంగతి. ఆర్కే బీచ్‌లో పిల్లల్ని దించొద్దండీ. ఇది ఊరికే భయపెట్టడం కాదు. అక్కడ ఒడ్డు మెల్లగా వాలదు, నాలుగడుగులకే లోతు. వచ్చిన కెరటం వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసకని లాగేస్తుంది. పెద్దవాళ్లకే నిలకడ ఉండదు. మోకాలి లోతులో ఉన్నవాళ్లు పడిపోతే రెండో కెరటం లోపలికి తీసుకుపోతుంది. ఏటా ప్రాణాలు పోయేది ఈ పద్ధతిలోనే. తడి ఇసక దాకా, అంతే. నీళ్లలో తప్పదంటే రుషికొండ నయం, 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత చూసి ఇచ్చే) గుర్తింపు వచ్చిన బీచ్, లైఫ్‌గార్డులు ఉంటారు. అక్కడైనా వాళ్లు జెండాలు పాతిన హద్దులోనే. కైలాసగిరికి ఉత్తరాన బీచ్‌రోడ్డు మీదే ఉంది కాబట్టి మీ తిరుగు దారికి దగ్గరే. కానీ ఒక్క రోజులో అది కూడా పెట్టుకుంటే పిల్లలు కారులో తడిబట్టలతో నిద్రపోతారు. ఇంకోసారికి ఉంచుకోండి.

బీచ్‌లో తినాలనిపిస్తే మురీ మిక్చర్ తినండి. నిమ్మకాయ, ఉల్లిపాయ కళ్లముందే కోసి కలిపేవాళ్ల దగ్గర తీసుకోండి, ముందే కోసి పెట్టుకున్నవి సముద్రం గాలికి మెత్తబడి ఉంటాయి. కాల్చిన మొక్కజొన్న పొత్తుకి ఢోకా లేదు.

కారు లేకుండా వచ్చి ఈ పోస్టు చదివేవాళ్ల కోసం: ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి 10కె బస్సు బీచ్‌రోడ్డు మీదుగా కైలాసగిరి వెళ్తుంది. 2025 ఆగస్టులో మొదలైన ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా తిరుగుతాయి. ఒక టికెట్టు మీద రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉండొచ్చు. పైడెక్కు ముందు సీటు దొరికితే పిల్లలకి అదే సగం టూరు.

---

బీచ్‌రోడ్డు_నడక:

కెరటాలపేట గారి మాట ఒప్పుకుంటాను, ఆదివారానికి వెలుతురు లెక్క అదే సరి. ఒకటి మాత్రం కలుపుతాను. ఆదివారం పొద్దున 12.30కి సబ్‌మెరైన్ మూస్తారు కాబట్టి 11.30 దాటి క్యూలో నిలబడితే లోపలికి వెళ్లేలోపే గంట కొట్టొచ్చు. శ్రీకాకుళంలో 6.30కే కదలండి.

నేవీ డే డిసెంబరు 4. విన్యాసాలు ఇక్కడ పెట్టిన ఏడాది అయితే దానికి ముందు రిహార్సళ్ల సాయంత్రాల్లో బీచ్‌రోడ్డు మీదికి కార్లని రానివ్వరు. ఆ వారం తప్పించండి, లేదా దాని కోసమే రండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం కబురు ఉంటే కొండ మీద రోప్‌వే, బ్రిడ్జి రెండూ ఆగిపోతాయి. అలాంటి రోజు టీయూ-142 హాలు, పక్కనే ఉన్న సీ హారియర్ (నేవీ యుద్ధ విమానం) మ్యూజియం చూసుకోవచ్చు, తడవక్కర్లేదు. ఈ మ్యూజియాలన్నిటికీ కలిపి ఒకే టికెట్టు ఉందేమో కౌంటర్లో ముందే అడగండి. విడివిడిగా కొన్నాక అడిగితే లాభం లేదు.

పిల్లలతో రోడ్డు దాటేటప్పుడు సబ్‌మెరైన్ గేటు ఎదురుగా అడ్డంగా దాటొద్దు. బీచ్‌రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది గానీ బైకులు జోరుగా వస్తాయి. అత్తయ్యగారితో అయితే ఒకరు కారు తీసి అటుపక్కకి తిప్పుకురండి, ఆవిడ కోసం ఆ యూటర్న్ చేయడం తప్పేం కాదు.